ఉత్తరవాహిని మెకంజీ

ఉత్తరదిక్కుగా పారే నదిని మన పెద్దలు ఉత్తరవాహిని అని ప్రత్యేకంగా గౌరవించారు. కాశీలో గంగ ఉత్తరముఖంగా తిరుగుతుంది కనుకనే అక్కడి స్నానానికి అంత విశేషమని చెబుతారు. మన కృష్ణా గోదావరులు పడమట పుట్టి తూర్పు సముద్రంలో కలిసే నదులు. దారిలో ఎక్కడైనా కొంచెం దూరం ఉత్తరంగా మళ్ళితే ఆ మలుపును వెతుక్కుని వెళ్ళి స్నానం చేసేవాళ్ళున్నారు. మరి వేల కిలోమీటర్ల పొడుగునా ఉత్తరానికే సాగిపోయే నది వుంటే? అదీ, ఏడాదిలో ఆరేడు నెలలు గడ్డకట్టి వుండే దేశంలో అయితే?

కెనడా దేశపు వాయవ్యమూలన అటువంటి నది ఒకటి వుంది. పేరు మెకంజీ. ఉత్తరంగా పారడంవల్ల దానికి పుణ్యం వచ్చిందో లేదో గాని, దాని ఒడ్డున బతికే వాళ్ళ కష్టసుఖాలు మాత్రం సగానికి సగం ఆ దిక్కును బట్టే ఏర్పడ్డాయి.

మెకంజీ అనగానే మన తెలుగువాళ్ళకు కైఫీయత్తులు గుర్తుకొస్తాయి. వూరూరా కరణాల చేత గ్రామచరిత్రలు రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ వేరు, ఈ నదికి పేరిచ్చిన అలెగ్జాండర్ మెకంజీ వేరు. అయితే ఒక చిత్రం చూడండి. ఇద్దరూ పుట్టింది స్కాట్లండులో లూయిస్ దీవి, స్టోర్నవే అనే ఒకే వూళ్ళో. పదేళ్ళ తేడాతో పుట్టిన ఆ ఇద్దరిలో ఒకరు మన గడ్డమీద కాగితాలు పోగుచేశారు, ఇంకొకరు ఈ మంచునది వెంట పడవ వేసుకుని వెళ్ళారు.

అలెగ్జాండర్ మెకంజీ ఉన్నితోళ్ళ వర్తకుడు. 1789 జూన్ 3వ తేదీన అథబాస్కా సరస్సు ఒడ్డున వున్న ఫోర్ట్ చిపెవాయన్ అనే వర్తకస్థానం నుంచి చెట్టుబెరడుతో చేసిన పడవల్లో బయలుదేరాడు. ఈ నది పడమటికి తిరిగి పసిఫిక్ మహాసముద్రంలో కలుస్తుందని అతని ఆశ. నది అతని మాట వినలేదు. ఉత్తరంగానే తీసుకుపోయి, జూలైలో ధ్రువసముద్రం అంచున దింపింది. వచ్చిన దారినే వెనక్కి వచ్చేసరికి 102 రోజులు పట్టింది. చరిత్ర పుస్తకాల్లో ఇదంతా అతనొక్కడి సాహసంగానే వుంటుంది గాని, ఆ పడవల్లో ఆడవాళ్ళు కూడా వున్నారు. పడవ నడిపేవాళ్ళలో ఇద్దరి భార్యలూ, దారి చూపిన ఆదివాసీ నాయకుడి భార్యలూ వెంట వెళ్ళారు. తోలుజోళ్ళు రాళ్ళమీద నడిచి ఒక్కరోజులోనే చిరిగిపోయేవట. ఆ స్త్రీలు తీరిక లేకుండా కొత్తవి కుడుతూనే వుండేవారని అతని దినచర్యలోనే వుంది. వాళ్ళ కుట్టుపని లేకపోతే ఆ ప్రయాణం ఎంతదూరం సాగేదో వూహించుకోండి!

ఇంతకీ అక్కడివాళ్ళు ఆ నదిని మెకంజీ అనరు. దెనే జాతివారు దేచో అంటారు. పెద్దనది అని అర్థం. ముఖద్వారం దగ్గర వుండే ఇనువియాలుయిట్లు కూక్‌పాక్ అంటారు. దానికీ అదే అర్థం.

నిజంగా పెద్దదే. గ్రేట్ స్లేవ్ అనే సరస్సు పడమటి కొసలో బయలుదేరి సముద్రం దాకా 1,738 కిలోమీటర్లు. అంటే మన గోదావరి కంటె రెండువందల డెబ్భై కిలోమీటర్లు ఎక్కువ. ఇది పేరున్నంతవరకే. పైనుంచి వచ్చే నీళ్ళను మొదటి వూట దాకా లెక్కపెడితే 4,241 కిలోమీటర్లు అవుతుంది. ఇక దాని పరీవాహక ప్రాంతం 18 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశంలో సగానికి పైచిలుకు!

పరీవాహక ప్రాంతమంటే ఏమిటి? పెంకుటింటిని తలచుకోండి. నడికొప్పుకు ఇటుపక్క పడిన చినుకు వీధి చూరులోంచి జారుతుంది, అటుపక్క పడింది పెరటి చూరులోంచి జారుతుంది. ఏ చూరు కింద బిందె పెట్టారో ఆ వాలుమీద పడిన నీళ్ళే మీకు దక్కుతాయి. ఆ వాలుమీద కాకి ఏం పారేస్తే అదీ మీ బిందెలోకే వస్తుంది. నదికి కూడా ఇంతే. ఏ నేలమీద పడిన వాన, ఏ నేలమీద కరిగిన మంచు ఆ నదిలోకి చేరుతుందో ఆ నేల అంతా దాని పరీవాహక ప్రాంతం.

మెకంజీకి నడికొప్పు రాకీ పర్వతాలు. అక్కడ కొలంబియా మంచుమైదానం అని వొకటి వుంది. దాని నడినెత్తిన కరిగిన నీళ్ళు మూడు దారులు పడతాయి. కొన్ని పసిఫిక్ సముద్రానికి, కొన్ని తూర్పున హడ్సన్ అఖాతానికి, కొన్ని ఉత్తరాన ధ్రువసముద్రానికి. ఉత్తరదారి పట్టిన నీళ్ళే అథబాస్కా నది. దానికి ఇంకా ఉత్తరంగా, కొండలు చీల్చుకుని పీస్ నది వస్తుంది. రెండు ఆదివాసీ తెగలు ఒకప్పుడు దాని ఒడ్డున సంధి చేసుకున్నాయి కనుక శాంతినది అని పేరు. ఈ రెండూ అథబాస్కా సరస్సు పడమటి అంచున కలిసే చోట గొప్ప డెల్టా ఏర్పడింది. సముద్రం ఇంకా వేల కిలోమీటర్ల దూరం వుండగానే నడిదారిలో డెల్టా! అక్కడినుంచి స్లేవ్ నది అనే పేరుతో ఉత్తరానికి 434 కిలోమీటర్లు వెళ్ళి గ్రేట్ స్లేవ్ సరస్సులో పడతాయి. ఆ సరస్సు లోతు 614 మీటర్లు. ఉత్తర అమెరికాలో అంతకన్న లోతైన సరస్సు లేదు. ఆ సరస్సు దాటాకే నదికి మెకంజీ అనే పేరు వస్తుంది.

ఆ సరస్సు సముద్రమట్టానికి ఎంత ఎత్తున వుందో తెలుసా? 156 మీటర్లు మాత్రమే. అంటే 1,738 కిలోమీటర్ల ప్రయాణంలో నది దిగవలసిన మెట్టు అంతే. కిలోమీటరుకు జానెడు కూడా లేదు. అందుకే విశాలంగా, నింపాదిగా పోతుంది. వేసవిలో సరుకుపడవలు సముద్రం దాకా నడవడానికి వీలైందీ అందుకే.

ఇప్పుడు దిక్కు సంగతికి వద్దాం.

మనకు వరద అంటే వాన. మహారాష్ట్రలో నాలుగురోజులు కుండపోతగా కురిస్తే భద్రాచలంలో గోదావరి మట్టం ఎంత వచ్చిందా అని రేడియో దగ్గర కూర్చుంటాం. మెకంజీ ఒడ్డున వరద ఎండతో వస్తుంది. నవంబరుకల్లా నది పైనించి కిందిదాకా గడ్డకడుతుంది. ఆ మంచు మీటరు మందం, ఇంకా పైనా వుంటుంది. లారీలు దానిమీదనే పోతాయి. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఎండ కాస్త వేడెక్కగానే మొదట కరిగేది ఎక్కడ? దక్షిణాన, అంటే నది పైభాగంలో. అక్కడి నీళ్ళు పొంగుకుంటూ కిందికి, అంటే ఉత్తరానికి వస్తాయి. అక్కడ ఇంకా చలికాలం తీరలేదు. నది తలుపులు గడియవేసుకుని నిద్రపోతున్నట్లు గట్టిగా గడ్డకట్టి వుంది. వెనకనుంచి నీరు నెడుతుంది, ముందర మంచు కదలదు. చివరికి ఫిరంగులు పేలినంత చప్పుడుతో మంచు పగులుతుంది. ఇంటి గోడలంత పలకలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, నదికి అడ్డంగా కోటకట్టినట్లు నిలబడతాయి. దానివెనక నీళ్ళు గంటల్లో మీటర్ల కొద్దీ లేస్తాయి.

ఫోర్ట్ సింప్సన్ అనే వూరు ఈ వేడుక నట్టనడుమ వుంది. లియార్డ్ అనే ఉపనది పడమటి కొండల నుంచి వచ్చి మెకంజీలో కలిసే చోట ఒక దీవిమీద కట్టుకున్న వూరది. లియార్డ్ దక్షిణాన ముందుగా కరుగుతుంది, బురదనీళ్ళతో వడిగా వస్తుంది. పెద్దనదేమో ఇంకా గడ్డకట్టే వుంటుంది. 2021 మేలో మంచు అట్లా అడ్డుపడి ఫోర్ట్ సింప్సన్ జనం వూరు ఖాళీచేయవలసి వచ్చింది. అక్కడికి పైన నది ఒడ్డునే వున్న జీన్ మేరీ రివర్ అనే చిన్నవూరు దాదాపు మొత్తం నీళ్ళపాలైంది. మరుసటి ఏడాది, 2022 మేలో, గ్రేట్ స్లేవ్ సరస్సు దక్షిణపు ఒడ్డున హే రివర్ పట్టణం వంతు వచ్చింది. ఆ హే నది కూడా ఉత్తరవాహినే మరి.

ఇంతవరకూ వింటే మంచువరద అంటే వట్టి ఉపద్రవమని అనిపిస్తుంది. కాని దానివల్లనే బతికే నేలలున్నాయి. ఇందాక నడిదారిలో డెల్టా అన్నానే, పీస్-అథబాస్కా డెల్టా, దాని సంగతి చెప్పాలి. అక్కడ వందలకొద్దీ లోతులేని చెరువులు, పచ్చికబయళ్ళు వున్నాయి. వాటిలో చాలా చెరువులు నది మామూలు మట్టం కంటె ఎత్తున వుంటాయి. మామూలు వరద నీరు వాటికి అందదు. పీస్ నదిలో మంచు అడ్డుపడి నీరు వెనక్కి ఎగదన్నినప్పుడే అవి నిండుతాయి. ఒకసారి నిండితే కొన్నేళ్ళపాటు ఆ నీటితో బతుకుతాయి. ఎండుతూ ఎండుతూ వుండగా మళ్ళీ వొక పెద్ద వరద. కొన్నేళ్ళకొకసారి పుట్టింటినుంచి సారె వచ్చినట్లు ఆ చెరువులకు నీళ్ళు వచ్చేవి.

ఆ చెరువుల్లో మస్క్‌రాట్ అనే పెద్ద నీటిఎలుకలు పెరుగుతాయి. ఫోర్ట్ చిపెవాయన్‌లోని క్రీ, దెనే కుటుంబాలకు తరతరాలుగా అవే ఆధారం. మాంసం ఇంటికి, చర్మం అంగడికి. వసంతంలో పిల్లాపాపలతో గుడారాలు వేసుకుని అక్కడే మకాం. మగవాళ్ళు బోను పెడితే, చర్మం వొలిచి సాగదీసి ఆరబెట్టడం చాలావరకు ఆడవాళ్ళ పని. ఆ చేతిడబ్బుతోనే పిండి, చక్కెర, టీ కొనుక్కునేవారు.

1968లో, ఈ డెల్టాకు ఎన్నో వందల కిలోమీటర్ల ఎగువన, పీస్ నదిమీద బెన్నెట్ డామ్ పూర్తయింది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి కరెంటు కావాలి. డామ్ వెనక విలిస్టన్ జలాశయం నిండడానికి 1971 దాకా పట్టింది. ఆ మూడేళ్ళూ డెల్టా ఎండిపోయింది. చెరువులు బురదగుంటలయ్యాయి, నీటిఎలుకలు కనపడకుండా పోయాయి. ముందుగా చెప్పినవారు గాని, అడిగినవారు గాని లేరు. జలాశయం కింద తమ వేటభూములు మునిగిపోయిన ఎగువ ఆదివాసుల గోడు వేరే.

నిండిన తరవాత నీళ్ళు వదులుతారు కదా, ఇంకేం నష్టం అని మీరు అడగవచ్చు. చిక్కు అక్కడే వుంది. కరెంటు ఎక్కువగా కావలసింది చలికాలంలో. కనుక చలికాలంలో నీళ్ళు ఎక్కువ వదులుతారు, వసంతంలో వచ్చే పొంగును డామ్ వెనక దాచుకుంటారు. ఏడాది మొత్తంమీద నీళ్ళు అన్నే వచ్చినా, రావలసినప్పుడు రావు. చలికాలపు ఎక్కువ నీటితో మంచు పైమట్టంలో గడ్డకడుతుంది. దానిని పగలగొట్టి గట్టుదాటాలంటే వసంతపు పొంగు ఇదివరకటి కంటె పెద్దది కావాలి. ఆ పొంగేమో తగ్గిపోయింది. 1970ల్లో రాళ్ళతో అడ్డుకట్టలు వేసి నీరు నిలపాలని చూశారు. సరస్సుల్లో మట్టం కొంత నిలిచింది గాని ఎత్తుమీది చెరువులకు నీరెక్కలేదు. 1974లోను, 1996, 1997ల్లోను, ఆ తరవాత 2014, 2020ల్లోను మంచువరదలు వచ్చి కొంత తడిపాయి. డామ్ పాపమెంత, వాతావరణం వేడెక్కడం వల్ల ఎంత అనేది శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా వాదంగానే వుంది. ఆ వాదం తేలేలోపు అదే నదిమీద ఇంకొక డామ్, సైట్ సి అనేది కట్టి, 2024లో దాని జలాశయాన్ని కూడా నింపేశారు.

అథబాస్కా పక్క కథ వేరు. దాని ఒడ్డున ఫోర్ట్ మెక్‌మర్రీ చుట్టూ నేల అంతా తారు కలిసిన ఇసుక. 1967 నుంచి దానిని తవ్వి నూనె తీస్తున్నారు. వాడిన మురికినీళ్ళను పెద్ద పెద్ద చెరువుల్లో నిలవచేస్తారు. అట్లాంటి ఒక చెరువునుంచి ఊట బయటికి వస్తున్నదని తెలిసి నెలలు గడిచినా, దిగువ వూళ్ళవాళ్ళకు సరిగా చెప్పలేదని 2023లో పెద్ద గొడవ జరిగింది. కాకి పారేసిన దాని మాట ఇందాక అన్నాను కదూ!

నీళ్ళు రాష్ట్రాల సరిహద్దులు ఎరగవు. కృష్ణా గోదావరుల కోసం బచావత్ ట్రిబ్యునల్ ముందు ఎన్నేళ్ళు వాదించుకున్నామో మనకు తెలుసు. మెకంజీ పరీవాహక ప్రాంతంలోని ప్రభుత్వాలు, కెనడా కేంద్ర ప్రభుత్వంతో కలిసి, 1997లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఎగువ ఏం చేసినా దిగువవారికి ముందుగా చెప్పాలని, నది ప్రాణానికి హాని చేయకూడదని అందులో వుంది. కాగితంమీద బాగానే వుంది.

ఇక కిందికి వెళదాం. ఫోర్ట్ సింప్సన్ దాటాక చాలాదూరం నది రెండురంగుల్లో కనపడుతుంది. ఒకపక్క లియార్డ్ తెచ్చిన బురద, ఒకపక్క సరస్సునుంచి వచ్చిన తేటనీరు. ఇంకా కింద, తూర్పునుంచి గ్రేట్ బేర్ నది వచ్చి కలుస్తుంది. ఆ సంగమం దగ్గరి వూరి పేరు తులిటా. నీళ్ళు కలిసేచోటు అనే అర్థం. ఆ నదికి పుట్టిల్లు గ్రేట్ బేర్ సరస్సు. 31 వేల చదరపు కిలోమీటర్ల మంచినీళ్ళు! అంత సరస్సు ఒడ్డున వున్న వూరు ఒక్కటే, దెలినే. కొన్నివందల మంది.

దెలినే వూరిని విధవల వూరు అంటూ వుంటారు. ఎందుకంటారో చెబుతాను. సరస్సు తూర్పు ఒడ్డున 1930లో రేడియం వున్న ఖనిజం దొరికింది. పోర్ట్ రేడియం అని గని వెలిసింది. 1942లో అదే గనిని యురేనియం కోసం తిరిగి తెరిచారు. అది అమెరికావారి అణుబాంబు పథకానికి వెళ్ళింది. గనినుంచి రైలు దాకా ఖనిజం వెళ్ళే దారి ఏమిటో తెలుసా? ఈ నీళ్ళదారే. సరస్సు దాటి, గ్రేట్ బేర్ నది వెంట దిగి, మెకంజీకి ఎదురెక్కి, స్లేవ్ నది మీదుగా అథబాస్కా ఒడ్డున రైలు స్టేషను దాకా. మధ్య మధ్య రాళ్ళవడి వున్నచోట పడవ దించి, సంచులు మోసి, మళ్ళీ ఎక్కించాలి. మోసింది దెనే మగవాళ్ళు. ఆ గోనెసంచుల్లో ఏముందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాటిమీదనే కూర్చున్నారు, పడుకున్నారు. ఆ దుమ్ము బట్టలతోనే ఇళ్ళకు వచ్చారు. తరవాత ఏళ్ళల్లో ఒక్కొక్కరే క్యాన్సరుతో పోయారని మిగిలిన స్త్రీలు చెప్పుకున్నారు. 2005లో వచ్చిన నివేదిక మాత్రం, జబ్బులకూ గనికీ సంబంధం శాస్త్రీయంగా రుజువు చేయడానికి ఆధారాలు చాలవని చెప్పింది. అప్పట్లో ఎవరూ పరీక్షలు చేయకపోతే ఇప్పుడు ఆధారాలు ఎక్కడినుంచి వస్తాయి? 1998లో ఆ వూరి నుంచి కొందరు హిరోషిమాకు వెళ్ళి, తమ నేలనుంచి పోయిన ఖనిజం విషయమై అక్కడివారికి విచారం తెలిపి వచ్చారు. మోసం జరిగింది తమకు. క్షమాపణ చెప్పిందీ తామే.

అడగకుండా, చెప్పకుండా జరిగిన వాటి నడుమ, అడిగి వినిన సందర్భం ఒకటి వుంది. 1970ల్లో ధ్రువసముద్రపు అంచునుంచి మెకంజీ లోయ వెంట దక్షిణానికి గ్యాసు గొట్టపుదారి వేయాలనుకున్నారు. 1974లో థామస్ బెర్గర్ అనే న్యాయమూర్తిని విచారణకు వేశారు. ఆయన పట్నంలో ఆఫీసు పెట్టుకుని కూర్చోలేదు. 35 వూళ్ళకు తానే వెళ్ళాడు. వేటమకాముల దగ్గరకు కూడా వెళ్ళాడు. దాదాపు వెయ్యిమంది చెప్పింది విన్నాడు. ముసలమ్మలు తమ భాషలోనే మాట్లాడారు. చేపలెక్కడ పట్టేదీ, పిల్లలను ఎక్కడ కన్నదీ, ఎక్కడ పాతిపెట్టుకున్నదీ చెప్పారు. రేడియోలో మాట్లాడే దానిని కనుక ఒక మాట విడిచిపెట్టలేను. ఆ రోజు జరిగిన విచారణను కెనడా రేడియో ఇంగ్లీషులోనే కాక ఆదివాసుల భాషల్లో కూడా ప్రసారం చేసేది. ఒక వూరి స్త్రీ చెప్పింది వందలమైళ్ళ అవతల ఇంకొక వూరి స్త్రీ తన వంటింట్లో విన్నది. తమ వూరికి విచారణ వచ్చేనాటికి ఏం చెప్పాలో వాళ్ళకు తెలుసు. 1977లో బెర్గర్ నివేదిక ఇచ్చాడు. ఆదివాసుల భూమిహక్కులు తేలాలి, లోయలో పదేళ్ళపాటు గొట్టం వేయవద్దు అని. తరవాత కొన్ని జాతులకు ఒప్పందాలు జరిగాయి. ఇనువియాలుయిట్లకు 1984లో, గ్విచిన్లకు 1992లో, దెలినే వారున్న సాహ్తూ ప్రాంతానికి 1993లో. ఆ గొట్టపుదారి ఆలోచన తిరిగి తలెత్తి, చివరికి ఖర్చుకు తగిన లాభం లేదని 2017లో మానుకున్నారు.

ఇక మన గృహిణులకు కుతూహలం కలిగే విషయం. అక్కడ పచారీ సామాను ఎట్లా వస్తుంది? దక్షిణపు కొసన రోడ్డుంది. ఫోర్ట్ ప్రావిడెన్స్ దగ్గర ఇదివరకు వేసవిలో నదిమీద పంటు నడిచేది. మన నరసాపురం రేవులో బస్సులు, లారీలు ఎక్కించుకునే పంటు వంటిదే. చలికాలంలో గడ్డకట్టిన నదే వంతెన. మంచు పట్టీపట్టని రోజుల్లో, విరిగీవిరగని రోజుల్లో పంటూ లేదు, దారీ లేదు. ఎల్లోనైఫ్ పట్టణానికి పాలు, కూరగాయలు విమానంలో రావాలి, ధరలు ఆకాశంలో వుండేవి. 2012 నవంబరులో అక్కడ కిలోమీటరు పొడుగు వంతెన తెరిచాక ఆ బాధ తీరింది. నది కిందికి పోయినకొద్దీ వంతెనలు లేవు. ఉత్తరపు వూళ్ళకు చలికాలంలో మంచుదారి, వేసవిలో హే రివర్ నుంచి సరుకుపడవలు. ఏడాదికి సరిపడా డీజిలు, ఇల్లు కట్టుకునే చెక్క, బరువైన సామానంతా ఆ పడవల్లోనే రావాలి.

2023 వేసవిలో ఎగువన వానలు లేవు. అడవులు అంటుకున్నాయి. ఎల్లోనైఫ్ నుంచి దాదాపు 20 వేలమందిని ఖాళీచేయించారు. నది మట్టం పడిపోయింది. 2024లో గ్రేట్ స్లేవ్ సరస్సు మట్టం ఎన్నడూ లేనంతగా తగ్గింది. ఇందాక చెప్పాను, కిలోమీటరుకు జానెడు వాలు లేని నది. రెండడుగులు తగ్గితే పడవ అడుగు ఇసుకమేటకు తగులుతుంది. తులిటా, నార్మన్ వెల్స్, ఫోర్ట్ గుడ్ హోప్ వూళ్ళకు ఆ ఏడాది పడవలు రద్దుచేశారు. డీజిలు కూడా విమానంలో తెచ్చుకోవలసి వచ్చింది. వరద వస్తే వూరు మునుగుతుంది, రాకపోతే పొయ్యి ఆరుతుంది అన్నట్లుంది అక్కడి సంసారం. ఆ మొత్తం నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో వున్నది 2021 లెక్కల ప్రకారం 41 వేలమంది. మన వైపు ఒక చిన్న పట్టణమంత జనం. వాళ్ళ ఇబ్బంది వార్తల్లో ఎంత చోటు సంపాదిస్తుంది చెప్పండి!

చివరికి సముద్రం దగ్గరికి వచ్చాం. ఫోర్ట్ గుడ్ హోప్ దాటగానే నది ధ్రువవృత్తంలోకి అడుగుపెడుతుంది. డెల్టా 13 వేల చదరపు కిలోమీటర్లు. పాయలూ, వేలకొద్దీ చెరువులూ. ఈ చెరువులకు కూడా మంచువరదే నీరుపోయాలి. ఇక్కడ నేల అడుగున ఎప్పుడూ గడ్డకట్టే వుంటుంది. పునాది తవ్వి ఇల్లు కడితే, ఇంటి వేడికి కింది మంచు కరిగి ఇల్లు కుంగిపోతుంది. అందుకని 1950ల్లో ఇనువిక్ పట్టణం కట్టేటప్పుడు ఇళ్ళన్నిటినీ గుంజలమీద నిలబెట్టారు. నీళ్ళగొట్టాలు, మురుగుగొట్టాలు భూమిలో పాతడానికి వీల్లేదు. పొడవాటి పెట్టెల్లో పెట్టి, వెచ్చగా వుంచుతూ, నేలకు పైన ఇంటింటికీ తిప్పారు. అక్లావిక్ అనే పాతవూరు వరదలకు కోసుకుపోతున్నదని, జనమంతా ఈ కొత్తవూరికి తరలిపొమ్మన్నారు. కొందరు పోయారు, కొందరు పోమన్నారు. అక్లావిక్ ఇప్పటికీ వుంది.

డిసెంబరు మొదట్లో అక్కడ అస్తమించిన సూర్యుడు జనవరి మొదటివారానికి గాని మొహం చూపడు. వేసవిలో దాదాపు రెండునెలలు అస్తమించడు. ఆ వేసవిలో నది తెచ్చిన గోరువెచ్చని తీపినీళ్ళు వుప్పునీటితో కలిసేచోటికి తెల్లని బెలూగా తిమింగలాలు వస్తాయి. ఇనువియాలుయిట్ కుటుంబాలు ఒడ్డున మకాం వేస్తాయి. వేట ముగిశాక తోలూ కొవ్వూ కోసి, ఆరవేసి, చలికాలానికి దాచడంలో అమ్మమ్మలు మనవరాళ్ళకు కత్తి పట్టడం నేర్పుతారు. మన ఇళ్ళలో ఆవకాయరోజుల హడావుడి అనుకోండి.

సముద్రపుటంచున తుక్తొయాక్తుక్ దగ్గర చెట్టు అనేదే లేదు. గడ్డకట్టిన నేల కరుగుతున్నది, అలలు ఒడ్డును కోస్తున్నాయి, కొన్ని ఇళ్ళను వెనక్కి జరపవలసి వచ్చింది. అయినా ఆ ఒడ్డంతా ఎండిన దుంగలు కుప్పలుగా పడివుంటాయి. దక్షిణాన ఎక్కడో లియార్డ్ ఒడ్డునో, పీస్ ఒడ్డునో మంచువరద కోసిన గట్టుమీది చెట్లవి. ఉత్తరవాహిని వాటిని ఏళ్ళ తరబడి దొర్లించుకుంటూ తెచ్చి అక్కడ వదిలింది. పూర్వం ఇనువియాలుయిట్లు ఆ దుంగలతోనే ఇంటికి వాసాలు వేసుకుని, పైన మట్టిపెళ్ళలు కప్పుకునేవారు. ఇప్పటికీ చేపల మకాముల్లో చేపలను ఆరవేసే దండేలకూ, పొగపెట్టే పొయ్యిలోకీ అవే.